రెండు దేశాల పిల్లలు తమవాళ్ళను ఎలా చూస్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీది ఒక దేశం, మీ ఆవిడది ఇంకో దేశం. పదహారేళ్ళ అమ్మాయికి రెండు పాస్‌పోర్టులూ ఉన్నాయి. ఇంట్లో కూర్చుంటే తల్లి దేశంవాళ్ళను ఏకిపారేస్తుంది, అదే మాట బయట ఎవరైనా అంటే వాళ్ళ మీద విరుచుకుపడుతుంది. సెలవులకు అమ్మమ్మ ఇంటికి వెళ్తే అక్కడ మీ దేశం తరఫున వకాల్తా పుచ్చుకుంటుంది, తిరిగొచ్చాక ఇక్కడివాళ్ళకు ఏమీ తెలియదంటుంది. "అసలు దీనికి ఏ దేశం సొంతం? ఇలాంటి పిల్లలు తమవాళ్ళను ఎలా చూస్తారు?" అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆమెకు రెండూ సొంతమే. రెండింటి మీదా ఫిర్యాదులు ఉండడమే అందుకు గుర్తు. సంబంధం లేని దేశం మీద ఎవరూ అంత ఇదిగా కోపం తెచ్చుకోరు. ఇక తమవాళ్ళను ఎలా చూస్తారన్నది, ప్రేమ ఎంత ఉందన్నదాని కంటే రెండు విషయాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. తనలోని రెండు దేశాలూ ఒకదానితో ఒకటి పొసుగుతాయని అనుకుంటోందా అన్నది ఒకటి. ఆ రెండు చోట్లా ఉన్నవాళ్ళు తనను తమ మనిషిగా లెక్కేస్తున్నారా అన్నది రెండోది. ఈ రెండోదాన్ని చాలామంది తల్లిదండ్రులు పట్టించుకోరు, పిల్లల మనసులో ఏదో తికమక ఉందని దాన్నే సరిచేయబోతారు. నేను చూసినంతలో గొడవ ఎక్కువసార్లు బయటే మొదలవుతుంది.

నేను రెండు దేశాల మధ్య పెరిగే పిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ చేస్తుంటాను, చాలా ఏళ్ళుగా ఇదే పని. నాకు మాత్రం ఒకటే దేశం, ఆ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పిల్లలు నాతో మాట్లాడేటప్పుడు కూడా నన్ను ఒక్క దేశం మనిషిగానే తూకం వేసి మాట్లాడతారు. కింద రాసేదాంట్లో కొంత పరిశోధనల్లో తేలింది, కొంత నేను విన్నది.

మొదట పాస్‌పోర్టును పక్కన పెట్టండి. రెండు పౌరసత్వాలు ఉండడం వేరు, రెండు దేశాలూ తనవనిపించడం వేరు. ప్రయాణాలకు వీసా బాధ తప్పుతుందని రెండో పాస్‌పోర్టు తీసుకుని, ఆ దేశం వార్తలు కూడా చదవనివాళ్ళు ఉన్నారు. చట్టం ఒప్పుకోక ఒక పౌరసత్వం వదులుకుని, అక్కడ ఎన్నికలు జరుగుతుంటే ఇక్కడ రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్ళూ ఉన్నారు. మీ అమ్మాయి విషయంలో రెండూ కలిసొచ్చాయి కాబట్టి మీకు తేడా కనబడకపోవచ్చు. "నీకేం, రెండు పాస్‌పోర్టులున్నాయి" అనే మాట మాత్రం దయచేసి ఇంట్లో వాడకండి, ఈ పిల్లలకు ఒళ్ళు మండించే మాటల్లో అది మొదటి వరసలో ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. తమవాళ్ళను ఎలా చూస్తారని అడిగారు గానీ, అంతకంటే ముందు తేలాల్సింది, వాళ్ళు ఎవరిని తమవాళ్ళుగా లెక్కేసుకుంటున్నారు? సోనియా రోకాస్, మెరిలిన్ బ్రూవర్ అనే ఇద్దరు సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్తలు 2002లో దీని మీద రాసిన వ్యాసం నాకు ఇప్పటికీ పనికొస్తోంది. ఒకటి కంటే ఎక్కువ సమూహాలకు చెందినవాళ్ళు మనసులో హద్దుగీత నాలుగు రకాలుగా గీసుకుంటారని వాళ్ళంటారు. కొందరికి అచ్చం తమలాగే రెండు దేశాలూ ఉన్నవాళ్ళే తమవాళ్ళు, ఒక్క దేశమే ఉన్నవాళ్ళు ఎటువైపువాళ్ళైనా కొంచెం బయటివాళ్ళే. కొందరికి ఒక దేశం ప్రధానం, రెండోది తమ గురించి చెప్పుకునే ఒక విశేషం, అంతే. కొందరు చోటును బట్టి మారతారు, ఇక్కడుంటే ఇక్కడివాళ్ళు, అక్కడుంటే అక్కడివాళ్ళు, ఆ రెండూ ఒకచోట ఎదురుపడకుండా జాగ్రత్తపడతారు. ఇంకొందరు గీతను బాగా పెద్దదిగా గీస్తారు, రెండు దేశాలవాళ్ళూ మొత్తం వాళ్ళకు తమవాళ్ళే. ఇలా విశాలంగా గీసుకున్నవాళ్ళు పరాయివాళ్ళ పట్ల కూడా ఎక్కువ సహనంతో ఉంటారని, ఒత్తిడి పెరిగినప్పుడు ఆ గీత దగ్గరికి కుంచించుకుపోతుందని కూడా ఆ ఇద్దరూ రాశారు.

ఆ చివరి ముక్క నిజమని నాకు మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. మామూలు రోజుల్లో "రెండూ నావే" అని హాయిగా తిరిగే కుర్రాడు, ఆ రెండు దేశాల మధ్య ఏదో దౌత్య గొడవ వచ్చి టీవీల్లో అరుపులు మొదలయ్యేసరికి, నాలాంటి ఇంకో ఇద్దరు తప్ప నాకెవరూ లేరంటాడు. గొడవ చల్లారాక మళ్ళీ మామూలే. ఒకే మనిషి, ఒకే ఏడాది, గీత మాత్రం రెండు చోట్ల. అందుకే "మీ వాడు ఏ రకం?" అని తేల్చి చెప్పమంటే నేను చెప్పను. ఏ రకమో కాదు, ఎప్పుడు ఏ రకం అన్నది చూడాలి.

చోటును బట్టి మారేవాళ్ళ గురించి కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే మీ అమ్మాయిలో నాకు కనబడుతున్నది ఎక్కువగా అదే. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయికి డిగ్రీ పట్టా తీసుకునే రోజు దగ్గరపడుతోంది. తండ్రి వైపు వాళ్ళు, తల్లి వైపు వాళ్ళు అందరూ మొదటిసారి ఒకే హాల్లో కూర్చోబోతున్నారు. వేదిక మీద పేరు పిలిచేటప్పుడు తప్పు పలకకూడదని కాలేజీవాళ్ళు ఒక కార్డు ఇచ్చారు, నీ పేరు ఎలా పలకాలో రాసివ్వమని. ఆమె పేరును తండ్రి దేశంలో ఒకలా పలుకుతారు, తల్లి దేశంలో ఒత్తు ఇంకో అక్షరం మీద పడుతుంది. చిన్నప్పటి నుంచి రెండింటికీ పలికింది, ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే ఆ రెండు పిలుపులూ ఎప్పుడూ ఒకే గదిలో వినబడలేదు. ఆ కార్డు పట్టుకుని నా ఎదురుగా కూర్చుని, పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీసింది. "ఏది రాసినా సగం హాలుకు నేను నటిస్తున్నట్టు ఉంటుంది" అంది. ఆ అమ్మాయికి అయోమయమేమీ లేదు. ఎక్కడెలా ఉండాలో బ్రహ్మాండంగా తెలుసు, అలా ఉండే వీలు ఆ ఒక్కరోజు లేకుండా పోయింది, టెన్షన్ అంతా దాని గురించే.

ఇలా చోటును బట్టి మారడాన్ని పెద్దవాళ్ళు రెండు నాలుకల ధోరణి అనుకుంటారు. మీరు కూడా మీ ప్రశ్నలో దాదాపు ఆ మాటే అన్నారు. అది అన్యాయం అని నా అభిప్రాయం. ఇంట్లో తిట్టి బయట వెనకేసుకురావడం ఒక్క దేశం ఉన్నవాళ్ళూ చేస్తారు, మీరూ చేస్తారు, నేనూ చేస్తాను. మాథ్యూ హార్న్సీ, ఆయన సహచరులు ఆస్ట్రేలియాలో చేసి 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇదే బయటపడింది. ఆస్ట్రేలియా వాళ్ళ గురించి ఒకే విమర్శను తోటి ఆస్ట్రేలియన్ చేసినట్టు చూపిస్తే జనం చాలావరకు సహించారు, విదేశీయుడు చేసినట్టు చూపిస్తే చిర్రెత్తిపోయారు. మాట ఒకటే, అన్నవాడు మారాడు. మీ అమ్మాయి తేడా ఏమిటంటే ఆమె రెండు ఇళ్ళలోనూ లోపలి మనిషి, కాబట్టి తిట్టే హక్కు రెండు చోట్లా ఉందనుకుంటుంది, కాపాడే బాధ్యత కూడా రెండు చోట్లా ఉందనుకుంటుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆమె లోపలి మనిషిగా విమర్శిస్తుంది, వినేవాళ్ళు దాన్ని బయటి మనిషి విమర్శగా వింటారు. అమ్మమ్మ ఇంట్లో "ఇక్కడ బస్సులు టైముకు రావు" అని వాళ్ళ పిల్లలు అంటే నవ్వేస్తారు, అదే మాట ఈమె అంటే "ఆహా, విదేశం నుంచి వచ్చింది కదా, మరి మేం నచ్చుతామా" అంటారు. ఇది రెండుసార్లు జరిగితే చాలు, మూడోసారి ఆమె నిజంగానే బయటి మనిషిలా, ఇంకాస్త కటువుగా మాట్లాడుతుంది.

ఇలా ఎదురు తిరగడం గురించి ఒక ప్రయోగం ఉంది, ఈ విషయంలో నాకు బాగా నచ్చినది. వెరోనికా బెనెట్-మార్టినెజ్, మరి ముగ్గురు కలిసి 2002లో చైనా, అమెరికా సంస్కృతులు రెండూ తెలిసిన వాళ్ళ మీద చేశారు. ముందు కొందరికి అమెరికాను గుర్తుచేసే బొమ్మలు, కొందరికి చైనాను గుర్తుచేసే బొమ్మలు చూపించారు. తర్వాత ఒక చేపల బొమ్మ. ఒక చేప ముందు ఈదుతుంటుంది, వెనక చేపల గుంపు. ఎందుకు ఆ చేప ముందుంది? తనంతట తానే దారి చూపిస్తోంది అనొచ్చు, వెనకున్న గుంపు తరుముతోంది అనొచ్చు. మొదటి రకం జవాబు అమెరికాలో ఎక్కువ, గుంపు వల్లే అనే రెండో రకం చైనీయుల్లో ఎక్కువ అని అంతకుముందే తెలుసు. ఇప్పుడు చూడండి ఏమైందో. తమలోని రెండు సంస్కృతులూ పొసుగుతాయి అనుకునేవాళ్ళు, చైనా బొమ్మలు చూశాక చైనావాళ్ళలాగే, అమెరికా బొమ్మలు చూశాక అమెరికావాళ్ళలాగే ఆలోచించారు. ఆ రెండూ తమలో కొట్టుకుంటున్నాయి అనుకునేవాళ్ళు మాత్రం సరిగ్గా తలకిందులు. చైనాను గుర్తుచేస్తే అమెరికా ధోరణిలో, అమెరికాను గుర్తుచేస్తే చైనా ధోరణిలో జవాబిచ్చారు.

మీ అమ్మాయి అక్కడికి వెళ్తే ఇక్కడి మనిషి, ఇక్కడికి వస్తే అక్కడి మనిషి అవుతోందని మీరు రాసింది చదవగానే నాకు ఈ చేపే గుర్తొచ్చింది. (ఒక ప్రయోగంతో మీ ఇంట్లో సంగతి తేలిపోయిందని అనడం లేదు, అది చేసింది పెద్దవాళ్ళ మీద, ఒక ప్రత్యేకమైన సమూహం మీద. కానీ నేను చూసే పిల్లల్లో ఈ తీరు ఎంత మామూలంటే, దీన్ని మొండితనం అనుకుని శిక్షించే తల్లిదండ్రులను చూస్తే జాలేస్తుంది.)

మరి కొందరికి పొసిగి, కొందరికి ఎందుకు పొసగదు? మూడేళ్ళ తర్వాత, 2005లో, అదే బెనెట్-మార్టినెజ్, జానా హరిటాటోస్‌తో కలిసి దీన్ని ఇంకాస్త విడదీసింది. పొసగకపోవడం రెండు రకాలు. ఒకటి దూరం: రెండూ వేరువేరు లోకాలు, కలపలేను అనిపించడం. రెండోది ఘర్షణ: రెండూ నన్ను చెరోవైపు లాగుతున్నాయి అనిపించడం. భాష సరిగ్గా రాకపోవడం, కొత్తదానికి మనసు తేలిగ్గా తెరుచుకోకపోవడం, ఆ సంస్కృతివాళ్ళు చుట్టుపక్కల లేకపోవడం లాంటివి దూరాన్ని పెంచుతాయి. ఘర్షణ మాత్రం ఎక్కువగా మనుషుల వల్ల వస్తుంది, అంటే వివక్ష, దెబ్బతిన్న సంబంధాలు, ఎగతాళి. నాకు ఈ తేడా పనిలో చాలా ఉపయోగపడుతుంది. దూరం ఉన్న పిల్లకు భాష నేర్పించండి, తరచుగా అక్కడికి పంపండి, సగం తగ్గిపోతుంది. ఘర్షణ ఉన్న పిల్లను అలాగే పంపితే ఎక్కువవుతుంది. ముందు అక్కడ ఎవరు ఏమంటున్నారో కనుక్కోవాలి.

అసలు గొడవ బయట మొదలవుతుంది అన్నాను కదా, దాన్ని ఇక్కడ వివరంగా చెప్తాను. సప్నా చెర్యన్, బెనోయ్ మోనిన్ 2005లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. ఆసియా మూలాలున్న అమెరికన్లలో కొందరిని ఒక్క ప్రశ్న అడిగారు, "మీకు ఇంగ్లిష్ వచ్చా?" అని. పుట్టి పెరిగిన దేశంలో ఆ ప్రశ్న. తర్వాత 1980ల నాటి అమెరికన్ టీవీ కార్యక్రమాలు గుర్తున్నన్ని రాయమన్నారు. ఆ ప్రశ్న ఎదుర్కొన్నవాళ్ళు ఎక్కువసేపు కూర్చుని గుర్తుచేసుకున్నారు. అంటే, నేను ఇక్కడివాణ్నే అని రుజువు చూపించే పనిలో పడ్డారు. నువ్వు మావాడివి కాదన్న సంకేతం అందిన ప్రతిసారీ మనిషి రెండు దారుల్లో ఒకటి పడతాడు. ఇలా రుజువులు పోగేయడం మొదటిది. నాకే అక్కర్లేదు పొమ్మని రెండో దేశాన్ని గట్టిగా పట్టుకోవడం రెండోది. వలస కుటుంబాల రెండో తరం పిల్లల మీద పనిచేసిన అలెహాంద్రో పోర్టెస్, రూబెన్ రుంబౌట్ ఈ రెండో దారి గురించి చాలా రాశారు: కాదన్న దెబ్బకు ప్రతిస్పందనగా మూలాలను గట్టిగా హత్తుకోవడం. తల్లిదండ్రులు దీన్ని చూసి మురిసిపోతారు కూడా, మావాడికి మన దేశం మీద ఎంత అభిమానమో అని. ఆ అభిమానం ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి అడిగి చూడండి.

పెద్ద స్థాయిలో దీనికి ఉదాహరణ మెసుట్ ఓజిల్. జర్మనీలో పుట్టిన టర్కిష్ మూలాల ఫుట్‌బాల్ ఆటగాడు, 2014 ప్రపంచకప్ గెలిచిన జర్మన్ జట్టులో ఉన్నాడు. 2018లో టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్‌తో ఫొటో దిగినందుకు దుమారం రేగింది, ఆ ఏడాది ప్రపంచకప్‌లో జర్మనీ మొదటి దశలోనే ఇంటికొచ్చింది. గెలిస్తే నేను జర్మన్‌ని, ఓడితే వలసవాణ్ని అంటూ జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు. ఆ ఫొటో దిగడం సరైనదా కాదా అన్నది వేరే చర్చ, నాకు అందులో ఆయనతో ఏకీభావం లేదు. కానీ ఆ వాక్యం నా దగ్గరికొచ్చే పిల్లలు ఎన్ని రూపాల్లో చెప్తారో లెక్కలేదు. మార్కులు బాగా వస్తే మా స్కూలు పిల్ల, కొట్లాట జరిగితే ఆ దేశం పిల్ల.

ఈ అనుమానం ఇవాళ్టిది కాదు. జార్జ్ బాంక్రాఫ్ట్ అనే అమెరికన్ దౌత్యవేత్త 1849లోనే రాశాడు, ఒక మనిషికి రెండు దేశాలుండడాన్ని సహించడమంటే ఇద్దరు భార్యలుండడాన్ని సహించడంలాంటిదేనని. 1930 నాటి హేగ్ ఒప్పందం ప్రతి మనిషికీ ఒక జాతీయత, ఒక్కటే జాతీయత ఉండాలనే ఆదర్శాన్ని ముందే రాసుకుంది. 1990లో బ్రిటన్ రాజకీయ నాయకుడు నార్మన్ టెబ్బిట్, వలస వచ్చినవాళ్ళు క్రికెట్ మ్యాచ్‌లో ఏ జట్టును సమర్థిస్తారన్నదాన్ని విధేయతకు పరీక్షగా చూపించాడు. తర్వాత గాలి మారింది. 1997 ఐరోపా జాతీయతా ఒప్పందం బహుళ జాతీయతకు చోటిచ్చింది, జర్మనీ 2024 జూన్ 27 నుంచి పాత పౌరసత్వం వదులుకోవాలన్న షరతును తీసేసింది. చట్టం మారినంత తేలిగ్గా బంధువుల నోళ్ళు మారవు. "ఇండియా, పాకిస్తాన్ ఆడితే ఎవరివైపు?" లాంటి ప్రశ్నలు, దేశాల పేర్లు మార్చి, ప్రపంచంలో ప్రతి భాషలోనూ ఏదో ఒక మావయ్య ఏదో ఒక పిల్లను అడుగుతూనే ఉన్నాడు.

ఆటల మాటొచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 2016 యూరో కప్ ఫుట్‌బాల్‌లో జూన్ 11న స్విట్జర్లాండ్, అల్బేనియా తలపడ్డాయి. స్విస్ జట్టులో గ్రానిట్ జాకా, అల్బేనియా జట్టులో అతని సొంత అన్న టౌలాంట్ జాకా. కొసోవో నుంచి వలస వచ్చిన అల్బేనియన్ కుటుంబం, అబ్బాయిలిద్దరూ పెరిగింది స్విట్జర్లాండ్‌లో. వాళ్ళమ్మ సగం ఒక దేశం, సగం ఇంకో దేశం ఉన్న టీషర్ట్ వేసుకుని స్టాండ్స్‌లో కూర్చుంది. స్విట్జర్లాండ్ 1-0తో గెలిచింది. నేను ఈ కథ తల్లిదండ్రులకు చెప్పేది ఆ టీషర్ట్ కోసం కాదు, అన్నదమ్ముల కోసం. ఒకే ఇల్లు, ఒకే పెంపకం, రెండు వేరువేరు ఎంపికలు. మీకు ఇంకో పిల్లవాడు కూడా ఉన్నాడని రాశారు, వాడికి ఇవేవీ పట్టవని, చెల్లి అయితే గొడవ చేస్తోందని. అందులో వింతేమీ లేదు. ముఖం ఎవరి పోలిక, పేరు ఏ భాషది, స్నేహితులెవరు, ఏ వయసులో ఎక్కడున్నారు, వీటిలో ఏది మారినా లెక్క మారిపోతుంది. అన్నను చూసి నేర్చుకో అని మాత్రం ఆమెతో అనకండి.

ఇక సగం సగం అనే లెక్క గురించి. ఒక దేశం మీద ప్రేమ పెరిగితే రెండోదాని మీద తగ్గుతుందని మీ ప్రశ్న వెనక ఒక ఊహ ఉంది. అలా ఉండనవసరం లేదు. జాన్ బెర్రీ, ఆయన సహ పరిశోధకులు 13 దేశాల్లో, వలస కుటుంబాల్లోని 13 నుంచి 18 ఏళ్ళ మధ్య పిల్లలు ఐదు వేల మందికి పైగా అడిగి 2006లో ఫలితాలు ప్రచురించారు. రెండు వైపులా గట్టిగా సంబంధం పెట్టుకున్న పిల్లలే అన్నిటికంటే పెద్ద వర్గంగా తేలారు, మానసికంగానూ, చదువులోనూ, నడవడికలోనూ కలిపి చూస్తే బాగా కుదురుకున్నదీ వాళ్ళే. ఎటూ కాకుండా తేలిపోయినవాళ్ళు బాగా ఇబ్బందిపడ్డారు. కాబట్టి ఒకటి ఎంచుకుంటే స్థిమితపడుతుంది అనే సలహా మీకు ఎవరైనా ఇస్తే వినకండి. ఇది కారణమా, ఫలితమా అన్న ప్రశ్న మిగులుతుంది, నిజమే, స్థిమితంగా ఉన్న పిల్లలే రెండు వైపులా కలుపుకుపోగలుగుతారేమో. అయినా ఒకటి వదిలేస్తే మేలన్నదానికి అందులో ఆధారం లేదు.

ఇందులో చీకటి కోణం కూడా ఉంది. బెర్న్ట్ సైమన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త వలస సమూహాల మీద చేసిన పనిలో, రెండు గుర్తింపులూ ఉన్నవాళ్ళు మామూలు పద్ధతుల్లో, అంటే సంతకాలు, సభలు, ఓట్లు, రాజకీయాల్లో చురుగ్గా ఉంటారని తేలింది. అయితే ఆ రెండు గుర్తింపులూ ఒకదానికొకటి విరుద్ధం అనుకునేవాళ్ళ దగ్గర అదే రెండు దేశాల గుర్తింపు, తీవ్రమైన చర్యల పట్ల సానుభూతితో ముడిపడింది. రెండు దేశాలు ఉండడం ప్రమాదమని దీని అర్థం కాదు. ఒకటుంటే ఇంకొకటి ఉండకూడదని పిల్ల చేత నమ్మించడం ప్రమాదం. ఆ పని చేసేవాళ్ళు బయట చాలామంది ఉంటారు, ఇంట్లో కూడా మొదలవకూడదు.

నేను గమనించిన ఇంకో సంగతి, దీనికి పరిశోధన ఏదీ చూపించను, నా మాటే. తల్లి దేశాన్ని మీ అమ్మాయి ఏ దేశంగా చూస్తోంది? చాలా ఇళ్ళలో పిల్లలకు అందేది తల్లి వదిలి వచ్చిన నాటి దేశం. తల్లి చెప్పే వీధులు, మర్యాదలు, మాట తీరు అప్పటివి. అక్కడికి వెళ్ళి చూస్తే అక్కడి పిల్లలు అవన్నీ ఎప్పుడో వదిలేశారు. ఒక అబ్బాయి అక్కడి తన ఈడువాళ్ళతో తల్లి నేర్పిన యాసలో మాట్లాడితే, ముసలాళ్ళలా మాట్లాడుతున్నావని నవ్వారట. వాడు తిరిగొచ్చి ఆ దేశం చెడిపోయిందన్నాడు. పదిహేడేళ్ళవాడు, తను పుట్టకముందే పోయినదాని గురించి బెంగపెట్టుకున్నాడు! మీ ఆవిడ వీలైతే తన దేశం గురించి ఇప్పటి సంగతులు కూడా మాట్లాడాలి, నచ్చనివి కూడా. తల్లి స్వయంగా విమర్శించే ఇంట్లో కూతురికి ఆ పని మీదేసుకోవాల్సిన అవసరం తగ్గుతుంది.

ఒక్క దేశం ఉన్నవాళ్ళకు లేనిది వీళ్ళకొకటి ఉంది, అది భారమూ అవుతుంది. తమవాళ్ళను లోపలి నుంచి, బయటి నుంచి ఏకకాలంలో చూడగలరు. అమెరికాలో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1903లోనే, ఎప్పుడూ ఎదుటివాళ్ళ కళ్ళతో తనను తాను చూసుకోవాల్సి రావడం గురించి రాశాడు. ఆయన సందర్భం వేరు, దాని వెనక బానిసత్వం ఉంది, మన ఇళ్ళతో పోల్చేది కాదు. కానీ ఆ చూపు ఎలాంటిదో ఈ పిల్లలకు తెలుసు. విమానాశ్రయంలో తమ దేశంవాళ్ళు ఎవరో గట్టిగా అరుస్తుంటే, పక్కనున్న రెండో దేశంవాళ్ళు ఏమనుకుంటున్నారో వీళ్ళకు ఆ మాటలతో సహా వినబడుతుంది. సిగ్గుపడతారు, సిగ్గుపడినందుకు తమ మీద తామే కోప్పడతారు. మీ అమ్మాయి తల్లి దేశంవాళ్ళను ఏకిపారేసేది ఎక్కువగా ఇలాంటి రోజుల తర్వాతేనేమో గమనించండి.

ఏం చేయాలి అని మీరు అడగలేదు గానీ, అడిగారనుకుని రెండు మూడు ముక్కలు. ఎవరివైపు అనే ప్రశ్న ఇంట్లో సరదాకి కూడా వద్దు. ఆమె తల్లి దేశాన్ని విమర్శించినప్పుడు మీరు వంత పాడకండి, ఇది చాలా ముఖ్యం, ఆ క్షణంలో మీరు ఆమె పక్షాన ఉన్న తండ్రి కాదు, బయటి దేశం మనిషి. ఖండించడం కూడా వద్దు. "ఇవాళ ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడిగి ఊరుకోండి, జవాబు ఆ రోజు రాకపోవచ్చు. సెలవులకు వెళ్ళినప్పుడు అక్కడ అమ్మమ్మతోనో, పిన్నితోనో మీ ఆవిడ ముందే ఒక మాట చెప్పి ఉంచాలి, ఈ పిల్లను చుట్టంలా కూర్చోబెట్టొద్దు, మిగతా పిల్లలకు చెప్పినట్టే పని చెప్పండి, తిట్టినట్టే తిట్టండి అని. తిట్లు తిన్న ఇంట్లో పిల్లలు పరాయిగా ఉండరు. అలాగే ఆమెలాంటి రెండు దేశాల పిల్లలు ఒకరిద్దరు స్నేహితులుగా ఉంటే మంచిది, దేశాలు వేరైనా ఫర్వాలేదు, చాలా సంగతులు వాళ్ళ దగ్గర వివరించి చెప్పుకోనక్కర్లేదు. వాళ్ళే లోకమైపోకుండా మాత్రం కాస్త చూసుకోండి.

ఆమె నిద్ర, తిండి, స్కూలు దెబ్బతింటున్నాయంటే, లేదా ఒక దేశం భాష మాట్లాడడం హఠాత్తుగా పూర్తిగా మానేసిందంటే, దగ్గర్లో ఎవరైనా కౌన్సెలర్‌ను కలవండి. మీరు రాసినదాన్ని బట్టి అంత దూరం వెళ్ళినట్టు లేదు.

చివరగా కాగితాల సంగతి. మీ రెండు దేశాలేవో రాయలేదు. కొన్ని దేశాల్లో పుట్టుకతో వచ్చిన రెండు పౌరసత్వాల్లో ఒకటి ఎంచుకోవడానికి గడువు ఉంటుంది. ఉదాహరణకు జపాన్‌లో 2022 ఏప్రిల్ నుంచి, 18 ఏళ్ళలోపు రెండో జాతీయత వచ్చినవాళ్ళు 20 ఏళ్ళు నిండేలోపు ఎంచుకోవాలన్న నియమం ఉంది. కొన్ని చోట్ల సైనిక సేవ కూడా పౌరసత్వంతో పాటే వస్తుంది. మీ రెండు దేశాల చట్టాలూ ఇప్పుడే చూసుకోండి, ఎందుకంటే ఆ గడువు సంగతి ఆమెకు ఏ ఆఫీసు ఉత్తరం ద్వారానో తెలియడం కంటే ముందే మీ ఇద్దరి నోటి ద్వారా, ఒకేసారి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చెప్పగా తెలియడం మంచిది. అలా చెప్పేటప్పుడు, సంతకం ఏ కాగితం మీద పెట్టినా అమ్మమ్మ ఇంటికి రాకపోకలు ఎప్పటిలాగే ఉంటాయని కూడా చెప్పండి. ఈ వయసు పిల్లలు ఆ గడువు గురించి వినగానే మొదట అడిగేది అదే.